ఆపరేషన్ మధ్యలో ఆగిన మాట

కర్నూలు పెద్దాసుపత్రిలో నేను న్యూరోసర్జరీ పీజీ మొదటి ఏడాది చదువుతున్న రోజులవి. మైదుకూరు నుంచి వచ్చిన సుబ్బమ్మకు మెదడులో గడ్డ. అది మాటను నడిపించే చోటుకు పక్కనే ఉంది. అందుకే ఆమెను మెలకువగా ఉంచి మా ప్రొఫెసర్ ఆపరేషన్ చేస్తున్నారు. ఆమెను మాట్లాడిస్తూ ఉండడం నా పని; మాట తడబడితే ఆయన వెంటనే ఆగాలి. సంగటి గురించి, పసుపు పంట గురించి అడగడం అయిపోయాక, "పిల్లలెంతమందమ్మా?" అన్నాను.

సుబ్బమ్మ పలకలేదు. ప్రొఫెసర్ చెయ్యి ఆగింది. మళ్లీ అడిగాను. మాట పడిపోయిందేమోనని ఆమె పెదాల వైపే చూస్తున్నాను.

కాసేపటికి ఆమె మెల్లగా, "సచ్చిపోయిన పాపను గూడా కలిపి చెప్పల్లా అప్పా?" అంది.

"చెప్పమ్మా."

"అయితే ముగ్గురప్పా."

ప్రొఫెసర్ మళ్లీ పని మొదలుపెట్టారు. సుబ్బమ్మ బాగా మాట్లాడుతూనే ఇంటికి వెళ్లింది. అప్పటినుంచి ఏ రోగినీ జవాబు కోసం నేను తొందరపెట్టలేదు.