రికార్డరు నిండా జాకెట్ మెడలు

మా ఇంట్లో రికార్డరు డబ్బా నిండిపోయిన రోజున మా అత్తయ్యకీ నాకూ రెండు పూటల పాటు మాటల్లేవు. ఒకే గదిలో కూర్చుని ఆవిడ కాజాలు కుడుతూ, నేను జాకెట్లు కత్తిరిస్తూ, ఇద్దరం టీవీతోనే మాట్లాడాం.

చోటు లేదు, పాతవి తీసేయండి అని తెర మీద ఇంగ్లీషులో వచ్చింది. నేను చదివింది పదో తరగతే అయినా ఆ మాత్రం అర్థమైంది. ఎవరివి తీసేయాలన్నదే అర్థం కాలేదు.

ఇది రెండు వేల తొమ్మిది నాటి మాట. తెనాలి చెంచుపేటలో మాది రెండు గదుల వాటా. ముందు గదిలో కుట్టు మిషను, దానికెదురుగా టీవీ, టీవీ నెత్తిన డిష్ డబ్బా. అందరిళ్ళలో ఉండే డబ్బా కాదు. వచ్చే సీరియల్ని కడుపులో దాచుకుని, మనకి తీరికైనప్పుడు చూపించే రకం. ఎక్కడ కావాలంటే అక్కడ బొమ్మని ఆపుకోవచ్చు. మా వీధిలో అలాంటిది మా ఒక్కరికే ఉండేది. మా ఆయన మోటార్ వైండింగ్ పని చేస్తాడు. పగలంతా కాలిపోయిన మోటార్లు చూసి వచ్చే మనిషి కదా, క్రికెట్ దాచుకుని ప్రశాంతంగా చూద్దామని ముచ్చటపడి తెచ్చుకున్నాడు. పాపం, నెల తిరక్కుండానే రిమోటు ఆయన చెయ్యి దాటిపోయింది.

ఎందుకంటే డబ్బా నా పనిలోకి వచ్చేసింది. రేపల్లెలో మా పుట్టింటి పక్క పిన్నిగారి దగ్గర మిషను నేర్చుకున్నప్పుడు నాకొచ్చిన మెడలు మూడే. గుండ్రం, పలక, కుండ. పెళ్ళయి తెనాలి వచ్చాక చూస్తే ఇక్కడి ఆడవాళ్ళు కొలతకని పాత జాకెట్టు, అదే ఆది జాకెట్టు, చేతిలో పెట్టి, "మొన్న మంగళవారం రెండో కోడలు వేసుకుంది చూడమ్మాయ్, ఆ మెడ పెట్టు" అనేవారు. మంగళవారం నేను కూరలు కొనుక్కుంటున్నానంటే వింటారా? డబ్బా వచ్చాక ఆ బాధ తీరింది. ఆ రోజు సీరియల్ దాచిపెట్టి, కోడలు వెనక్కి తిరగ్గానే టక్కున ఆపి, తెర మీద స్కేలు పెట్టి కొలిచేదాన్ని. తెర మీద ఆవిడ భుజం ఇన్ని అంగుళాలుంటే వెనక మెడ లోతు ఇన్ని అంగుళాలుంది, మరి మన మనిషి భుజానికి లోతెంత? బళ్ళో నేర్చుకున్న లెక్కల్లో నాకు పనికొచ్చింది అదొక్కటే.

సీరియల్ వేళకి మా ముందు గది జాకెట్లిచ్చిన ఆడవాళ్ళతో నిండిపోయేది.

"ఆపు, ఆపు! అదిగో తిరిగింది!"

"ఎక్కడ ఆపావే, కొప్పు అడ్డమొచ్చింది."

"కొంచెం వెనక్కి పోనియ్యి. ఆఁ, అక్కడ!"

కోడలు ఏడ్చుకుంటూ ఇల్లు విడిచి వెళ్ళిపోతుంటే మా గదిలో ఒక్కరూ కన్నీళ్ళు పెట్టుకునేవారు కాదు. వెళ్ళిపోతేనే కదా వీపు కనబడేది! అలా నాకు కొత్త మోడళ్ళ అమ్మాయి అని పేరొచ్చింది. అవి నా మోడళ్ళని నేనెప్పుడూ చెప్పలేదు. కావని కూడా చెప్పలేదు.

అలా సగం డబ్బా మెడలతో నిండింది. మిగతా సగం మా అత్తయ్యది. ఒక సీరియల్లో ఏడు రోజుల పాటు జరిగిన పెళ్ళిని ఆవిడ మొత్తం దాచుకుంది.

మూడో పూట మాటలు మొదలయ్యాయి.

"నీ మెడలు తీసేయవే. కుట్టేశావుగా."

"మళ్ళీ ఎవరైనా అడుగుతారు అత్తయ్యా. మీ పెళ్ళి తీసేద్దామండి."

"పెళ్ళిని తీసేయడమేంటే, అశుభం! ఇంకా అప్పగింతలు చూడలేదు నేను."

"నాలుగుసార్లు చూశారు."

"ఏడుస్తూ చూశాను. సరిగ్గా కనబడలా."

సరిగ్గా ఆ వారమే పొన్నూరు నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. రైసు మిల్లున్న కుటుంబం. పిల్ల పెళ్ళికి ఏడు జాకెట్లు. ఆరు మెడలు మా డబ్బాలోంచి చూసి ఏరుకున్నారు. ఏడోది ముహూర్తం పట్టుచీర మీదది. దానికి మాత్రం, "మా చుట్టాల్లో ఇప్పటిదాకా ఎవరూ వేసుకోనిది కావాలమ్మాయ్" అంది తల్లి. "బాగా కుట్టావనుకో, మా వాళ్ళందరికీ నీ దగ్గరే కుట్టిస్తా. చెడగొట్టావనుకో, అది కూడా అందరికీ చెప్తా." పిల్ల పట్టుచీరని ఒళ్ళో పెట్టుకుని అంచు నిమురుతూ కూర్చుంది.

ఇంటి ముందు నాకంటూ ఒక బోర్డు కట్టుకోవాలని నాకు ఎప్పట్నుంచో ఆశ. ఆ ఏడో జాకెట్టు బాగా కుదిరితే కట్టుకోవచ్చు. కుదరకపోతే పొన్నూరు నుంచి తెనాలి దాకా నా పేరు బస్సెక్కుతుంది. కొత్త మెడ కావాలంటే కొత్త సీరియళ్ళు దాచాలి. దాచడానికి డబ్బాలో చోటు లేదు.

డిష్ షాపుకి వెళ్ళాను.

"కొత్త మోడల్ వచ్చిందక్కా" అన్నాడు షాపతను. "చోటు మూడింతలు. ఒకేసారి రెండు ఛానెళ్ళు దాచుద్ది. నెలాఖరు దాకా పాతది ఇచ్చేసి కొత్తది తీసుకెళ్ళొచ్చు."

"మరి పాతదాంట్లో ఉన్నయ్యన్నీ అందులోకి ఎక్కిస్తావా అన్నయ్యా?"

"అవి దాంతోనే పోతాయక్కా. ఇల్లు మారేటప్పుడు గోడలు పట్టుకెళ్తామా?"

ఇంటికొచ్చి ఈ మాట చెబితే అత్తయ్య డబ్బా మీద చెయ్యేసి నిలబడింది. "ఏడు రోజుల పెళ్ళిని షాపోడి చేతిలో పెడతావా?" నాకూ నా మెడలు పోతాయని గుండెల్లో రాయి పడింది. మా ఆయన మాత్రం ఆశగా అడిగాడు.

"కొత్తదాంట్లో క్రికెట్‌కి చోటుంటదంటావా?"

"చూద్దాం" అన్నాం అత్తాకోడళ్ళం ఇద్దరం ఒకేసారి. ఆ వారం మొత్తంలో మేం ఏకమైన మాట అదొక్కటే.

బాపట్లలో మా ఆడపడుచు ఆ కొత్త డబ్బా అప్పటికే కొనుక్కుంది. కళ్ళారా చూసి నిర్ణయించుకుందామని మర్నాడు రైలెక్కాను. ఒదిన నన్ను కూర్చోబెట్టి, పునుగుల పళ్ళెం చేతికిచ్చి, గర్వంగా రిమోటు నొక్కింది. నిజంగానే బొమ్మ అద్దంలా ఉంది. ఇంకో వింత ఏంటంటే అందరూ సన్నబడ్డారు. మా ఇంటి టీవీలో బొద్దుగా ఉండే పెద్దత్తగారు కూడా ఇక్కడ సరుగుడు చెట్టులా నిటారుగా ఉంది.

"ఏంటొదినా, ఈవిడ ఇంత చిక్కిపోయింది?"

"చిక్కలేదే. ఆవిడ అసలు ఒళ్ళు అంతే. పాత డబ్బాల్లో క్లారిటీ లేక లావుగా కనబడుద్ది."

నాకది ఎంత సబబుగా అనిపించిందో చెప్పలేను. ఇన్నాళ్ళూ క్లారిటీ లేని మెడలు కుట్టానే అని సిగ్గు కూడా వేసింది. అంతలో ఒక పెళ్ళికూతురు వెనక్కి తిరిగింది. ఆకు ఆకారంలో మెడ, చుట్టూ సన్నటి పైపింగు. "ఆపొదినా!" అని అరిచి, సంచిలోంచి స్కేలు తీసి భుజం కొలిచాను, లోతు కొలిచాను, కాగితం మీద రాసుకున్నాను. తిరుగు రైలు దిగగానే ఇంటికి కూడా పోకుండా డిష్ షాపుకెళ్ళి, "నాకొకటి పక్కన పెట్టు అన్నయ్యా" అని చెప్పేశాను.

లెక్క కడితే మన పిల్ల భుజానికి వెనక మెడ లోతు పదంగుళాలొచ్చింది. సుద్దతో గీసి చూసుకున్నాను. ఎక్కువే అనిపించింది. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది.

"ఇదేంటే, జాకెట్టా? గుమ్మమా?"

"టీవీలో అంతే ఉంది అత్తయ్యా. స్కేలు పెట్టి కొలిచాను."

"టీవీలో ఉందా? అయితే సరే" అని మళ్ళీ కాజాల్లో పడింది.

నేను కత్తెర వేసేశాను.

జాకెట్టు కోసం వచ్చిన పిల్ల, తొడిగి చూసుకుని లోపలి గదిలోంచి బయటికి రాలేదు. తల్లే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మెడ సన్నగా, పొడుగ్గా, దాదాపు నడుం దాకా దిగింది.

"ఏంటమ్మాయ్ ఇది?" అంది తల్లి. "ముందువైపు జాకెట్టు, వెనకవైపు గాలి. పీటల వెనకాల కూర్చున్న మా చుట్టాలు పెళ్ళి చూడాలా, మా పిల్ల వీపు చూడాలా?"

"టీవీలో అలాగే..."

"టీవీలో పిల్లకి మావగారు లేడు, పొన్నూరు లేదు! ముహూర్తం పట్టుబట్టమ్మా అది. వారంలో పెళ్ళి."

పిల్ల కళ్ళనిండా నీళ్ళు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "అమ్మా, పోన్లే, పైట భుజం మీదుగా కప్పుకుంటాలే" అంది. పెళ్ళి పీటల మీద మూడు గంటలు వీపు కప్పుకుని కూర్చోడానికి ఒప్పుకుంది, నా తప్పు కోసం. నాకు ఏడుపొచ్చింది.

జాకెట్టు మిషను మీదే వదిలేసి వాళ్ళు వెళ్ళాక కొలతల కాగితం పట్టుకుని డిష్ షాపుకి పరిగెత్తాను. విషయం విని అతను నవ్వాపుకోలేకపోయాడు.

"కొత్త డబ్బా బొమ్మ వెడల్పు టీవీల కోసం వస్తదక్కా. మీ వాళ్ళది మామూలు టీవీ. అందులో పట్టించడానికి రెండు పక్కలా నొక్కేసుద్ది. అందుకే మనుషులు సన్నగా, పొడుగ్గా కనబడతారు. రిమోట్‌లో ఒక్క నొక్కు నొక్కితే సరైపోద్ది."

మా ఆడపడుచు ఆ నొక్కు నొక్కకుండా ఆర్నెల్లుగా బాపట్లలో అందరినీ సన్నగా చూస్తోంది. నేను ఆ సన్నదనాన్ని స్కేలు పెట్టి కొలుచుకొచ్చి పట్టు మీద కత్తెర వేశాను.

మర్నాడు టేపు, జాకెట్టు, కత్తిరించగా మిగిలిన పట్టు ముక్క సంచిలో వేసుకుని పొన్నూరు బస్సెక్కాను. వాకిట్లో తల్లి ముఖం తిప్పుకుంది గానీ పిల్ల లోపలికి రమ్మంది. జడ ముందుకేసుకుని నాకు వీపు పెట్టి కూర్చుంది. అప్పుడు తట్టింది, ఇన్నేళ్ళలో నేను జాకెట్టు వేసుకునే మనిషి వీపుని సరిగ్గా చూసిందే లేదని. ఆది జాకెట్టు చూశాను, తెర చూశాను, అంతే. ఈ పిల్లకి కుడి భుజం కాస్త వాలుగా ఉంది. వీపు మీద చెయ్యి వేస్తే ముడుచుకుపోతోంది.

"ఎక్కడిదాకా ఉంటే నీకు ఇబ్బందుండదమ్మా?" అని అడిగాను.

చెయ్యి వెనక్కి పెట్టి తనే చూపించింది. "ఇక్కడిదాకా అక్కా. కింద మూసెయ్యి. తాళ్ళు, పూసలు వద్దు, గుచ్చుకుంటయ్యి."

ఇంటికొచ్చి టీవీ కట్టేశాను. పట్టపగలు టీవీ కట్టేయడం చూసి అత్తయ్య నాకు జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది. మిగిలిన ముక్కని మామిడి పిందె ఆకారంలో కత్తిరించి, కింది ఖాళీలో పెట్టి, చుట్టూ చీర అంచు రంగు పైపింగు తిప్పాను. కుడివైపు పావంగుళం ఎత్తాను. రెండుసార్లు విప్పాను, మూడోసారి కుదిరింది. ఎక్కడా చూడకుండా, ఏ లెక్కా కట్టకుండా కుట్టిన మొదటి మెడ అది.

తొడుక్కుని వచ్చిన పిల్ల ఈసారి గదిలో దాక్కోలేదు. అద్దానికి వీపు పెట్టి మెడ తిప్పి తిప్పి చూసుకుంది. తల్లి పిల్లని రెండు చుట్లు తిప్పింది. ముఖం విచ్చుకుంది.

"బ్రహ్మాండంగా ఉందమ్మాయ్! ఇది ఏ సీరియల్లోది?"

నేను సంతోషం పట్టలేక, "నేనే పెట్టానండి" అన్నాను.

ఆవిడ ముఖం మళ్ళీ ముడుచుకుపోయింది. "నువ్వే పెట్టావా? అంటే, ఇంతవరకు ఎవరూ వేసుకోలేదా?"

"ఎవరూ వేసుకోనిదే కావాలన్నారు కదండీ."

"మా చుట్టాల్లో అన్నాను గానీ లోకంలో అనలేదుగా! రేపు ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలి, తెనాలిలో ఓ పిల్ల తన బుర్రకి తోచింది కుట్టిందనా?" పిల్ల నా వంక చూసింది. ఆ చూపులో ఉన్నదల్లా, మళ్ళీ విప్పించొద్దు అక్కా అన్నదే.

"మర్చిపోయానండి" అన్నాను. "హిందీ సీరియల్లోది. బొంబాయి కోడలు వేసుకుంది."

"అలా చెప్పవేం!" అంది ఆవిడ, గుండె మీద చెయ్యి వేసుకుని.

పెళ్ళయ్యాక పొన్నూరు నుంచి ఆడవాళ్ళు ఆది జాకెట్లు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. అందరికీ ఆ మెడే కావాలి. అందరూ అడిగేది కూడా ఒకటే, "ఏదమ్మాయ్, ఆ బొంబాయి కోడల్ని ఒకసారి చూపించు" అని.

"డబ్బా నిండిపోయిందండి" అనేదాన్ని విచారంగా. "చోటు లేక తీసేయాల్సొచ్చింది." వాళ్ళూ విచారపడి, జాకెట్టు ఇచ్చి వెళ్ళేవారు.

నెలాఖరున డిష్ షాపతను కొత్త డబ్బా సంకలో పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు.

"పక్కన పెట్టమన్నావుగా అక్కా. ఇక ఇందులో ఏదీ తీసేసే పనే లేదు. ఎప్పుడో ఏడాది కిందటిది అడిగినా చూపించుద్ది."

ఆ మాట వినేదాకా నాకింకా ఊగిసలాటే. విన్నాక తేల్చుకున్నాను.

"వద్దన్నయ్యా. మాకీ చోటు చాలు."

"నిండిపోయిందన్నావు కదక్కా?"

"నిండింది. అలాగే ఉండనియ్యి."

అతనికి అర్థం కాలేదు. అత్తయ్యకి మాత్రం వెంటనే అర్థమైంది. తన ఏడు రోజుల పెళ్ళి కోసం కోడలు కొత్త డబ్బాని గుమ్మంలోంచే తిప్పి పంపేసిందని సాయంత్రానికల్లా వీధంతా చెప్పొచ్చింది. నేను కాదనలేదు. కాగితం పరుచుకుని, మరో బొంబాయి కోడలికి మెడ గీసే పనిలో ఉన్నాను.