నాలుగో జ్వరం లేచిన వారం

ఆదివారం పొద్దున మా ఆవిడ గిన్నెనిండా నానిన అనపగింజలు నా ముందు పెట్టి, పితకమని చెప్పి వంటింట్లోకి వెళ్ళింది. ఈ పనిలో ఉన్న చిక్కేమిటంటే దీంట్లో తొందర చెల్లదు. గింజను రెండు వేళ్ళ మధ్య ఒత్తితే పప్పు పొట్టులోంచి జారి మెల్లగా గిన్నెలో పడాలి. ఆత్రంగా ఒత్తితే ఎగిరి గోడకు తగులుతుంది. అప్పటికే గోడకు చాలా తగిలాయి. పక్కింటాయన గేటు మీదుగా తొంగిచూసి, "ఏమప్పా, వారమంతా యాడా కనపడలేదే, ఏం జేస్తాండావు?" అన్నాడు. కుప్పం పోయానని, పుంగనూరు పోయానని ఊళ్ళ పేర్లయితే చెప్పాను గానీ, పూర్తయిన పని పేరు ఒక్కటీ చెప్పలేదు. పోయినేడు ఇదే అనపకాయల కాలంలో గడిచిన ఒక వారం గుర్తొచ్చి, వేళ్ళు గింజ మీదే ఆగిపోయాయి.

మదనపల్లెలో నాకొక వెల్డింగ్ షాపుంది. గేట్లు, రేకుల షెడ్లు, నర్సరీలకు పైపుల పందిళ్ళు, పట్టుపురుగుల షెడ్లకు ఇనుప స్టాండ్లు చేస్తాను. పని చెడ్డదని నన్నెవరూ అనలేదు. అయితే రూపాయికి పద్నాలుగణాల పని చేసి, మిగతా రెండణాలు రేపు చూద్దామని ఇంకో ఊరికి పోయే గుణం నాది. ఇంట్లో కూడా అంతే. మిద్దె మీద గులాబీ తొట్లు పెట్టాను. పిల్లనగ్రోవి కొన్నాను, దాన్ని ఊదితే వీధి కుక్కలు తప్ప ఎవరూ స్పందించరు. కొయ్యతో ఒక పడక్కుర్చీ మొదలుపెట్టాను, దానికి ఇప్పటికీ ఒక కాలు లేదు. గోడకు ఆనించి ఉంచాం. కొత్తవాళ్ళెవరైనా దాని వైపు నడిస్తే మా ఆవిడ, "ఆడొద్దులేమ్మా, ఆ కుర్చీ మా ఆయన మాదిరే, ఆనుకుంటే కింద పడతావు" అంటుంది. నేను విననట్టు నటిస్తాను.

ఆ వారం మూడు పనులు ఒకేసారి ఒప్పుకున్నాను. మదనపల్లెలో ఒక టమాటా మండీకి రేకులు మార్చడం, కుప్పంలో ఒక నర్సరీకి పందిరి పైపులు నిలబెట్టడం, పుంగనూరు దగ్గర మా అక్క వాళ్ళ పురుగుల షెడ్డుకు కింది వరస స్టాండు బిగించడం. అక్కంటే మా పెద్దమ్మ కూతురు. పురుగు పొర విడిచే ముందు మేత మాని కదలకుండా పడుకుంటే మా వైపు దాన్ని జ్వరం అంటారు. అట్లా నాలుగు జ్వరాలు. నాలుగోది లేచాక పురుగు రాత్రీ పగలూ తింటుంది, ఒళ్ళు పెరుగుతుంది, చోటు చాలదు. అందుకే నాలుగో జ్వరం లేచేలోపల స్టాండు కావాలని అక్క నెల ముందే చెప్పింది. సోమవారం వస్తానన్నాను. సోమవారం మండీ మీద ఉండి, కుప్పం పైపుల గురించి ఫోన్లో మాట్లాడుతూ, గులాబీలకు పట్టిన పేను గురించి ఆలోచిస్తూ గడిపాను. మంగళవారం కుప్పం పోయి, సగం గుంతలు తవ్వించి, అక్క గుర్తొచ్చి, స్టాండు ముక్కల కోసం మదనపల్లెకు వెనక్కి తిరిగాను. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళో తప్ప మిగతా అన్ని ఊళ్ళలోనూ నా మనసు పని చేసేది.

బుధవారం పొద్దున బయల్దేరబోతూ మిద్దె ఎక్కి గులాబీలకు పురుగుమందు కొట్టాను. వచ్చాక కొట్టొచ్చు గదా అని మా ఆవిడ కింద నుంచి అంటూనే ఉంది. పంపు మూత సరిగా బిగించలేదు. మందు భుజం మీదుగా మోచేతి దాకా కారింది. తుడుచుకుని, అదే చొక్కాతో స్టాండు ముక్కలు ఆటోలో వేసుకుని పుంగనూరు పోయాను.

అక్క షెడ్డు గుమ్మం దగ్గర సున్నం పొడి చల్లి, కాళ్ళు ముంచడానికి తొట్టిలో బ్లీచింగు నీళ్ళు పెట్టి ఉంటుంది. ఊదువత్తి వాసన, తలకు పూసిన నూనె వాసన, నశ్యం వాసన, ఏదీ లోపలికి రాకూడదు. మా బావ పురుగులున్నన్నాళ్ళూ బీడీ ముట్టడు. పురుగుల మీద భక్తితో కొంత, అక్క మీద భయంతో మిగతాది. నన్ను చూసి అక్క, "వచ్చినావా నాయనా. పురుగులు నిన్న లేసినాయి. నీ కోసరం ఇంకోసారి జ్వరం తెచ్చుకోండమ్మా అని వాటికి చెప్పలేను గదా" అంది. నేను నవ్వబోయేసరికి కుప్పం నర్సరీ ఆసామి ఫోన్ చేశాడు. గుంతలు తవ్వి మనుషులు కూర్చున్నారని అరుస్తున్నాడు. అక్క నా ఎదురుగా నిలబడి, "అబ్బోడా, మందూ గిందూ ముట్టి రాలేదు గదా?" అని అడిగింది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని "లేదు లేదక్కా" అన్నాను. అబద్ధం చెప్పాలనుకోలేదు. అసలు ఆ ప్రశ్న వినలేదు. అబద్ధం కంటే అదే పెద్ద తప్పని ఇప్పటికీ అనిపిస్తుంది.

స్టాండు బిగించాను. పై వరసల్లో ఇరుక్కున్న పురుగుల్లో కొన్నింటిని అక్క కిందికి దించింది. ఆలస్యం చేశానన్న సిగ్గు కొద్దీ, ఎవరూ అడగకుండానే, మల్బరీ కొమ్మలు రెండు చేతులా వాటేసుకుని, భుజాన మోసుకొచ్చి ఆ కింది వరసకు నేనే వేశాను. అక్కకు ముచ్చటేసినట్టుంది. "ఉండు, రాగిసంగటి తిని పోదువు" అంది. ఉండలేదు.

కుప్పంలో బస్సు దిగి నర్సరీకి పోయేసరికి ఒకాయన మందు పంపు కడుగుతున్నాడు. ఆ వాసన ముక్కుకు తగిలింది. అతను తన డబ్బా తీసుకుని వెళ్ళిపోయాక కూడా వాసన పోలేదు. నా చొక్కా చేయి వాసన చూసుకున్నాను. అప్పుడు, అంతసేపటి తర్వాత, అక్క అడిగిన ప్రశ్న నాకు వినబడింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పురుగులు చస్తే రోగమొచ్చిందనుకుంటారు, ఆకు తడిగా ఉండిందనుకుంటారు. ఈ ఆలోచన నాకు రాలేదని రాయలేను. వచ్చింది, కాసేపు నాతో కూర్చుంది కూడా. కానీ చెప్పకపోతే అక్క ఆ ఆకు తీయదు. మిగిలిన కొమ్మల్ని పై వరసలకు కూడా వేస్తుంది. ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. అక్క, "ఏ వరసకేసినావు?" అంది. "కిందిది, కిటికీ పక్క." "మిగిలిన కొమ్మలు ముట్టుకున్నావా?" "కుప్పలోవి పైపైన." "సరే, పెట్టెయ్" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

నర్సరీ ఆసామి నన్ను తిట్టాల్సినవి తిట్టాడు. సగం గుంతలు మళ్ళీ అట్లాగే వదిలి, వి.కోట మీదుగా పుంగనూరు బస్సెక్కాను. సగంలో లేచిపోవడం నాకు అలవాటే. చేసిన తప్పు ఉన్న చోటికే తిరిగి పోవడం మాత్రం కొత్త.

వెళ్ళేసరికి కింది వరస పురుగులు తలలు అటూ ఇటూ ఆడిస్తూ పచ్చటి రసం కక్కుతున్నాయి. అక్కా బావా వాటిని గోతం సంచీలోకి ఎత్తుతున్నారు. నన్ను లోపలికి రానివ్వలేదు. బావ బయటే ఒక బకెట్ నీళ్ళు, తన పాత లుంగీ ఇచ్చి, "పోయి ఒళ్ళు రుద్దుకోపో బామ్మర్దీ, పెండ్లికొడుకు మాదిరి" అన్నాడు. నా చొక్కాను కట్టెతో ఎత్తి దూరంగా పారేశాడు. మిగతా వరసలు నిలుస్తాయో లేదో ఎవరికీ తెలియదు. ఆ నెలంతా ఇంటిల్లిపాదీ నిద్ర మాని పెంచినవి. మా బావ అలవాటుగా చెవి వెనక తడుముకున్నాడు, అక్కడ బీడీ లేదు.

నేను మదనపల్లె పోలేదు. గుమ్మం బయట కూర్చుని, రెండు పూటలా ఆకు కోసుకొచ్చి ఇచ్చేవాణ్ణి. ఫోన్ మోగితే లేచేవాణ్ణి, అక్క చూస్తే కూర్చునేవాణ్ణి. కాళ్ళు ఊరికే ఉండేవి కావు. లోపల పురుగులు మేసే చప్పుడు వినిపించేది, పీకిన మొక్కల నుంచి పచ్చి వేరుశెనక్కాయలు పది మంది ఒకేసారి తెంపుతున్నట్టు. ఆ చప్పుడు సన్నగిలినట్టు అనిపిస్తే లేచి గుమ్మం దాకా పోయేవాణ్ణి. "యాల అట్ల లేసి లేసి సూస్తావు? అవి తింటాండాయిలే. నువ్వే తినడంల్యా" అని అక్క సంగటి ముద్ద తెచ్చి ముందు పెట్టింది. ఫోన్ తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

ఒక పొద్దున చప్పుడు నిజంగానే ఆగిపోయింది. లేచి నిలబడ్డాను. అక్క గుమ్మంలోకి వచ్చి, "పండినాయిరా" అంది. పండిన పురుగు మేత మానేస్తుంది, ఒళ్ళు ద్రాక్షపండులా వెలుతురు చూపిస్తుంది, తల ఎత్తి చోటు కోసం వెతుకుతుంది. అప్పుడు దాన్ని ఏరి, గూడు కట్టుకోవడానికి చంద్రిక అనే వెదురు తడిక మీద వదలాలి. కాళ్ళు కడిగించి, చేతులు వాసన చూసి, అక్క నన్ను లోపలికి రానిచ్చింది. కింది స్టాండు ఖాళీగా ఉంది. నేను బిగించిన బోల్టులు మెరుస్తున్నాయి. "పండినదాన్నే తీసుకో. పండనిదాన్ని ముట్టుకోవద్దు. తొందరపడితే నలిగిపోతాది" అంది. సాయంత్రం దాకా ఒక్కొక్కటే ఏరాను. ఆ వారంలో నేను మధ్యలో లేవకుండా పూర్తి చేసిన పని అదొక్కటే.

మారిపోయానని చెప్పలేను. మొన్న కుప్పంలో ఇంకో పని సగంలో వదిలి వచ్చాను. కుర్చీకి కాలు ఇంకా లేదు. అక్క షెడ్డు గుమ్మం పక్కన ఒక మేకుకు మా బావ లుంగీ నా కోసమే తగిలించి ఉంది. ఎప్పుడు పోయినా ముందు అది కట్టుకుని, అక్క అడిగిన దానికి ఆమె ముఖం చూసి జవాబు చెప్పి, తర్వాతే లోపలికి పోతాను.

మా ఆవిడ వచ్చి గిన్నెలోకి చూసి, "ఇంతేనా?" అంది. ఇంతే. పితికినవి అడుగున కాసిన్ని, పితకాల్సినవి పైదాకా ఉన్నాయి. మేత మానే వేళ పురుగుకు ఎవరూ చెప్పనక్కరలేదు. నన్ను మాత్రం ఇన్నేళ్ళుగా కాలం కూడా అక్కలాగే గుమ్మం దగ్గర నిలబడి ఏదో అడుగుతూనే ఉంది, నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, వినకుండానే లేదు లేదంటూ వచ్చాను.