ఎర్ర చున్నీ వెనక సినిమా తార

నా కెమెరా పరువును నేనే ఎలా గంగలో కలిపానో చెబుతాను. నవ్వండి గానీ, మా ఆవిడకు వినబడేలా నవ్వకండి.

అప్పట్లో నారాయణఖేడ్ నుంచి ఒక పత్రికకు ఫోటోలు పంపేవాణ్ణి. "ఎప్పుడూ గుంతల రోడ్లేనా? ఈ వారం దుమ్ము రేపే ఫోటో రాకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటాం" అన్నాడు డెస్కు ఇన్‌చార్జి. అదే రోజు ఫోన్లో ఒక ఫ్రాన్సు ఫోటోగ్రాఫర్ కథ చూశాను. చెట్లెక్కి, పొదల్లో దూరి, తారల ఫోటోలు దొంగచాటుగా తీసి పేరు తెచ్చుకున్నాడట. ముందు కెమెరా నొక్కాలి, అదెవరో తర్వాత కనుక్కోవాలి అని నాకు నేనే అర్థం చేసుకున్నాను.

మర్నాడు చాయ్ హోటల్ యాదగిరి చెవిలో ఊదాడు. "అన్నా, సినిమా హీరోయిన్ బోరంచ నల్లపోచమ్మ గుడి కాడికి ఎవ్వలకు తెల్వకుండ వస్తుందట. మొఖానికి చున్నీ, నల్లద్దాలు!"

మా దిక్కున ఎండలో బండెక్కే ప్రతి ఆడమనిషికీ చున్నీ, నల్లద్దాలే ఉంటాయన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు. మా ఆవిడ సుజాత పొద్దున్నే కల్హేర్‌లోని పుట్టింటికి వెళ్లింది. ఆపేవాళ్లు లేరు. యాదగిరి బండి, హెల్మెట్ అడుక్కుని బయల్దేరాను.

గుడి ముందు స్కూటీ దిగింది ఒకామె. ఎర్ర చున్నీ, నల్లద్దాలు! కొబ్బరికాయల దుకాణం వెనక నక్కి టపటపా నొక్కి, 'గుడిలో హీరోయిన్' అని రాసి డెస్కుకు పంపేశాను. ఆశ ఆగక, హెల్మెట్ తీయకుండానే దగ్గరికి పోయాను.

"మేడం, ఒక్కసారి మొఖం జూపించండ్రి!"

"ఎవడ్రా నువ్వు? ఆడోళ్ల ఎంబడి పడ్తవా?" అంటూ చెప్పు తీసింది.

ఎక్కడో విన్న గొంతే. సినిమాల్లో విన్నాననుకున్నాను. చెప్పు ఠపీమని హెల్మెట్ మీద పడింది. నేను హెల్మెట్ తీశాను, ఆమె చున్నీ తీసింది. సుజాత!

"కల్హేర్ పోతనంటివి గదా?"

"నీ కొలువు నిలవాలని మొక్కుకున్న. జెప్తే ఫలం దక్కదని అమ్మ అన్నది. చెల్లె చున్నీ కట్టుకొని, దాని స్కూటీ మీదనే వచ్చిన. నువ్వేంది గిట్ల?"

ఇంతలో డెస్కు ఇన్‌చార్జి ఫోన్. "శభాష్! మొదటి పేజీలో వేస్తున్నాం!"

"వద్దు సార్! ఆమె నా పెండ్లాం!"

"హీరోయిన్‌ని పెళ్లాడావా? అసలు వార్త అది కదయ్యా!"

ఆమె హీరోయిన్ కాదని మొత్తుకున్నాను. డెస్కులో ఎవరికి ఏం అర్థమైందో ఇప్పటికీ నాకు తెలియదు. హీరోయిన్ వచ్చిందో లేదో అదీ తెలియదు. మర్నాడు జిల్లా పేజీలో మాత్రం 'నల్లపోచమ్మ సన్నిధిలో భక్తురాలు' అని ఆ ఫోటో పడింది. ఫోటో బాగుందని నా కొలువు కూడా నిలిచింది. సుజాత ఆ ముక్క కత్తిరించి దాచుకుంది.

"పెండ్లయి ఆరేండ్లాయె. ఊరందరి ఫోటోలు తీస్తివి. నాదొక్కటి తీస్తివి, అది గూడ ఇంకోదాన్ననుకొని!"

సిగ్గుతో చచ్చిపోయాను. అందుకే నల్లపోచమ్మ సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఇక ఏ తార కోసం నక్కినా సరే, ముందు ఇంటికి ఫోన్ చేసి, మా ఆవిడ ఎక్కడుందో కనుక్కున్నాకే నొక్కుతాను.