ఆగమ్మ చెయ్యి

ఆ రిపేరు షాపుకు వచ్చేవాళ్ళెవరికీ ఆవిడ అసలు పేరు తెలియదు. చేతిలో పట్టుకుని ఆడుకునే పాత గేమ్ మెషీన్లకు కొత్త తెర, కొత్త డొప్ప, పెద్ద బ్యాటరీ వేసి ఇవ్వడం ఆవిడ పని. పక్కన ఎవరు స్క్రూడ్రైవర్ ఎత్తినా "ఆగు" అనేది. బ్యాటరీ వైరు ఊడదీశావా, ఆగు. కళ్ళద్దాలేవీ, ఆగు. దాంతో భర్తే ఆవిడకు ఆగమ్మ అని పేరు పెట్టాడు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వి ఊరుకుంది.

షాపు భర్తది, పనితనం ఆవిడది, నోరు మరిదిది. ఆవిడ చేసే పనంతా మరిది వీడియోలు తీసి జనంలోకి వదిలేవాడు. తెర మీద కనిపించేవి వదిన చేతులు, వినిపించేది అతని గొంతు. పనివాడంటే నువ్వేనన్నా అని చూసినవాళ్ళు అతన్నే మెచ్చుకునేవారు. గిరాకీ వస్తోంది కదా, ఎవరి పేరైతేనేం అనుకుంది ఆవిడ.

ఓ మధ్యాహ్నం ఆవిడ భోజనానికి లేచిన సమయంలో మరిది ఒక మెషీన్ విప్పి, బ్యాటరీ తానే మారుస్తూ వీడియో తీసుకుంటున్నాడు. బ్యాటరీ జిగురుతో అంటుకుపోయి ఉంది. ఆవిడైతే జిగురు నానేలా కాస్త స్పిరిట్ వేసి, ప్లాస్టిక్ ముక్కతో మెల్లగా లేపేది. అతనికి అంత ఓపిక ఎక్కడిది? స్క్రూడ్రైవర్ మొన కిందికి దూర్చి ఎత్తాడు.

మొన బ్యాటరీలో దిగి బుస్సుమంది. తెల్లటి పొగ, వెంటనే మంట. మరిది చేతిలోది వదిలేసి గోడకు అతుక్కుపోయాడు. అది వెళ్ళి స్పిరిట్ సీసా పక్కన పడింది. చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన ఆవిడకు, గోడకున్న పటకారు అందుకునేలోపే సీసా అంటుకుంటుందనిపించింది. మండుతున్నదాన్ని చేత్తోనే పట్టి, బల్ల కిందున్న ఇసుక బకెట్లో పడేసింది.

గాయం మానింది గానీ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు బిగుసుకుపోయాయి. స్పర్శ పోయింది. ఆవగింజంత స్క్రూ పట్టుకుంటే, వేళ్ళ మధ్య ఉందో జారిందో తెలియడం లేదు.

గాయం పచ్చిగా ఉన్న రోజుల్లో కూడా ఇంట్లో మరిదిని ఎవరూ ఒక్క మాట అనలేదు. పాపం బెదిరిపోయాడని అత్తగారు పక్కన కూర్చుని ఓదార్చింది. భర్త మాత్రం కట్టు మారుస్తూ ఆవిడనే అడిగాడు.

"లోకానికంతా చెప్పేదానివి. చేత్తో ఎవరు పట్టుకోమన్నారు నిన్ను?"

"మీ తమ్ముడు కాలిపోతాడని పట్టుకున్నా."

ఆయన కట్టు ముడి కాస్త గట్టిగా బిగించాడు.

ఆ తర్వాత మరిది ఆ వీడియోలో తాను స్క్రూడ్రైవర్ దూర్చిన ముక్క కోసేశాడు. వదిన పరుగెత్తుకొచ్చి మంటను పట్టుకున్నది ఉంచి, ఇలా ఎప్పుడూ చేయకండి అని తన గొంతు చేర్చాడు. అతను అంతవరకు తీసినవాటిలో దేన్నీ జనం ఇంతగా చూడలేదు. వీడియో కింద ఆవిడ మీద ఒకటే వెటకారాలు. ఆవిడ దాన్ని తీసెయ్యమంది.

"నలుగురికీ పనికొచ్చేది వదినా. నీ మొహం సరిగ్గా కనపడదులే," అన్నాడు.

ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన ఎవరికో ఫోన్ చేసుకుంటూ బయటికి నడిచాడు.

ఇప్పుడు లోపలి బల్ల దగ్గర కొత్త పనివాడు కూర్చుంటున్నాడు. ఆవిడ ముందు గదిలో ఫోన్ కవర్లు అమ్ముతోంది. మొన్న ఒకామె కూతురితో వచ్చి పాత మెషీన్ ఒకటి కౌంటర్ మీద పెట్టింది. ఇదివరకు దీన్ని ఇక్కడ ఒకావిడ బాగుచేశారట, మళ్ళీ ఆవిడకే ఇవ్వాలని పిల్ల పట్టుబడుతోందని చెప్పింది.

"ఆవిడ మానేసింది," అని చెప్పి, ఆగమ్మ ఎడమ చేత్తో మెషీన్ అందుకుని లోపలికి పంపించింది.