ఖాళీగా వెళ్లని చేట

నా చిన్నప్పుడు మా వంటింట్లో పొయ్యికి ఎడంపక్కన ఒక మట్టికుండ ఉండేది. అది ప్రభువు కుండ. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు మా నాయనమ్మ ఒక పిడికెడు తీసి అందులో వేసేది. చెరుకుపల్లి దగ్గర మా ఊళ్లో విశ్వాసుల ఇళ్లన్నిటా ఆ అలవాటు ఉంది. కోత పండుగ ఆదివారం ఎవరి కుండ వాళ్లు మందిరానికి తెచ్చి, బల్ల ముందు వరసగా పెట్టేవాళ్లు. ఆ వరసలో మాదే నిండుగా కనబడాలని నాకు పట్టుదల.

ఊళ్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ఆ ఏడు తొలి వానలప్పుడు ఎదురింటి బాబాయి ట్రాక్టరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆయన బండెక్కితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. కాలవకు ఇంకా నీళ్లు వదల్లేదు, నాట్లు మొదలు కాలేదు, పిన్నికి కూలి పనీ లేదు. ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్లు మా సంఘం వాళ్లు కారు, శనివారం వెంకన్నకు దీపం పెట్టుకునే ఇల్లు. అయినా మా సంఘ పెద్దలు మంచి మనసుతోనే ఒక బియ్యం సంచీ తీసుకెళ్లి, వాకిట్లో నిలబడి గట్టిగా ప్రార్థన చేశారు. వీధంతా చూసింది. పిన్ని ఆ సంచీని గడప దాటనివ్వలేదు. మాకు జరుగుతోందండి, లేనివాళ్లకివ్వండి అని దణ్ణం పెట్టి పంపేసింది.

జరగడం లేదని మా నాయనమ్మకు తెలుసు. పొద్దుటి పూట ఆ ఇంటి మీద పొగ లేవడం లేదు. పిల్లలు మా అరుగు మీదకు ఆటలకు రావడం మానేశారు. అన్నం వేళకు ఉంటే పెడతామని వాళ్లమ్మే ఆపేసింది. పిన్ని పస్తైనా ఉంటుంది గానీ చెయ్యి చాపదని నాయనమ్మ రెండు రోజులు అదే ఆలోచించింది. ప్రార్థన కూడా చేసుకుంది.

మూడోనాడు గోడకు తగిలించి ఉన్న మా చేట దించి, పాస్టరమ్మ గారింట్లో ఇచ్చి రమ్మంది. ఇప్పట్లో మాకు అక్కర్లేదని చెప్పమంది. నేను ఇచ్చి తిరిగొచ్చేసరికి నాయనమ్మ ఎదురింటి గడప దగ్గర ఉంది.

"మా ఇంట్లో చేట లేదే అమ్మాయ్. బియ్యం చెరుక్కుని సాయంత్రం ఇచ్చేస్తాను, మీదొకసారి ఇలా ఇవ్వు."

ఉన్న చేటను లేదనడం అబద్ధం. విశ్వాసి నోట అబద్ధం రాకూడదు. అందుకని ముందు లేకుండా చేసుకుని మరీ వెళ్లింది మా నాయనమ్మ.

మా వైపు అడిగి తెచ్చుకున్న చేటైనా గిన్నైనా ఖాళీగా తిరిగివ్వరు. నాలుగు గింజలైనా వేసి ఇస్తారు. వేయడం గొప్పా కాదు, పుచ్చుకోవడం నామోషీ కాదు. సాయంత్రం నాయనమ్మ ప్రభువు కుండ మూత తీసి, నాలుగు గింజలు కాదు, నలుగురు తినడానికి సరిపడా చేటలో పోసింది. నాకు ప్రాణం పోయినట్టయింది. అవి దేవుడి బియ్యమని కుండకు అడ్డం నిలబడ్డాను.

"ఆయన బియ్యమేనే. ఆయన పొమ్మన్న చోటికే పోతున్నాయి. నువ్వు పక్కకు జరుగు."

మర్నాడు మళ్లీ చేట కావలసి వచ్చింది. ఆ మర్నాడూ అంతే. ఖాళీగా ఇవ్వకూడదన్నారు గానీ ఎంత వేయాలో ఎవరూ చెప్పలేదని నాయనమ్మ వాదన. వీధిలో నవ్వులు మొదలయ్యాయి. ఒకనాడు పిన్నే గుమ్మంలో నిలబడి, "ఏంటి పెద్దమ్మా, సంతలో చేటలు రావడం మానేశాయా?" అంది. "కొంటాలేవే, తొందరేముంది" అని నాయనమ్మ చేట చంకన పెట్టుకుని వచ్చేసింది. వాన పడినా, మోకాలు పట్టేసినా ఆ రాకపోకలు ఆగలేదు. ఒక్క రోజు మానితే మళ్లీ మొదలుపెట్టిన రోజు అది సాయంలా కనబడుతుందని, రోజూ జరిగితేనే ఇరుగుపొరుగులా ఉంటుందని నాకు చెప్పేది. బాబాయి మళ్లీ ట్రాక్టరెక్కాకే మా చేట పాస్టరమ్మ గారింటి నుంచి తిరిగొచ్చింది.

కోత పండుగ నాటికి మా కుండ సగానికి కూడా రాలేదు. దాన్ని ఎత్తి పెడుతూ సంఘ పెద్ద ఒకాయన, "ఏంటమ్మా, ఈసారి తేలిగ్గా ఉందే?" అని అందరి ముందూ అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎదురింటి మాట చెబుతుందని ఆవిడ వంక చూశాను.

"అవునండి," అంది నాయనమ్మ. అంతే.

ఆ వారంలోనే ఒక పొద్దున ఎదురింటి పిన్ని మా గుమ్మంలోకి వచ్చింది. మీ చేట ఒకసారి ఇస్తారా పెద్దమ్మా అని అడిగింది. వాళ్ల చేట వాళ్ల అరుగు గోడకే వేలాడుతూ మాకు కనబడుతోంది. నాయనమ్మ దాని వంక చూసింది, పిన్ని వంక చూసింది, లేచి మా చేట తెచ్చి ఇచ్చింది. సాయంత్రం అది కొత్త బియ్యంతో తిరిగొచ్చింది.

"ఖాళీగా ఇవ్వకూడదు కదా పెద్దమ్మా," అంది పిన్ని. ఆ గొంతులో నవ్వుంది, ఇంకేదో కూడా ఉంది. నాయనమ్మ రెండు చేతులా అందుకుంది. అందులోంచి ఒక పిడికెడు తీసి ప్రభువు కుండలో వేసి, మిగతావి ఆ రాత్రికి మాకు వండింది.

ఇప్పుడు నేను తెనాలిలో ఉంటున్నాను. ఆదివారాలు సండేస్కూలు చెబుతాను. ఒకరి దాహానికి ఇచ్చిన గిన్నెడు చన్నీళ్లను కూడా ప్రభువు లెక్కలోకి తీసుకుంటాడని పిల్లలకు చెప్పినప్పుడల్లా నా కళ్లకు గిన్నె కనబడదు, చేటే కనబడుతుంది. కింద వాటాలో ఈమధ్య ఒక అమ్మాయి కాపురానికి దిగింది. ఎవరినీ ఏదీ అడగదు. వాళ్లాయనకు పని పోయిందట. పొయ్యి వెలగడం లేదని పొద్దున పూట తెరుచుకోని వంటింటి కిటికీని చూసి తెలుసుకున్నాను. మా వంటింటి గోడకు మేకు ఉంది గానీ చేట లేదు. సంతకు వెళ్లినప్పుడల్లా కొనమని మా ఇంట్లో అంటూనే ఉంటారు.

నేను కొనను.