మాస్టారి క్యాసెట్‌లో ఊరి పేర్లు

టీవీకి తగిలించుకుని వాడే పాతకాలపు కంప్యూటర్లంటే పిచ్చి ఉన్నవాళ్లం మా వైపు ముగ్గురమే. నేను టెక్కలిలో ఆఫీసు గుమస్తాను. అక్కడే హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరమ్మ ఒకరు. మూడో మనిషి కాశీబుగ్గలో ఉంటాడు, జీడిపప్పు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. నాకు చుట్టమేం కాదు గానీ బావా అనేవాణ్ని. రెండువేల సంవత్సరం దాటి ఊరంతా కొత్త కంప్యూటర్ల వెంట పడుతుంటే, మేం ఆదివారాలు బావ వరండాలో కూర్చుని ఎనభైల నాటి మెషీన్లు బాగుచేసుకునేవాళ్లం. మాకు అంతుపట్టనివి పలాస నెట్ సెంటర్లో కూర్చుని, ఇదే పిచ్చి ఉన్న పైదేశాల వాళ్ల బృందానికి రాసి అడిగేవాళ్లం.

సముద్రం వైపు కొబ్బరితోటల ఉద్దానంలో మా ఊరి పక్క పల్లెలో, చనిపోయిన ఓ మాస్టారి ఇంట్లో అలాంటి మెషీన్ ఉందని తెలిసి వెళ్లాం. ఆయన భార్య అటక మీద గోనెసంచిలో చుట్టి ఉంచినదాన్ని దింపించింది. దానితో పాటు ఒక క్యాసెట్.

"పట్టుకెల్లండి బాబూ. ఆయన పోయినాక దాన్ని ఎవలూ ముట్టనేదు. అందులో ఏటి రాసీవోరో నాకు తెల్దు."

మూడు ఆదివారాలు పట్టింది. ఉబ్బిపోయిన కెపాసిటర్లు బావ మార్చాడు. నేను మీటలన్నీ ఊడదీసి స్పిరిట్‌తో తుడిచాను. ఆ మెషీన్లలో రాసినదంతా మామూలు క్యాసెట్‌లో శబ్దంగా దాగుంటుంది. సముద్రపు గాలికి టేపు పాడైంది. బృందంలో ఒకాయన చెప్పినట్టు, టేపురికార్డరు హెడ్ పక్కనున్న చిన్న స్క్రూని కొద్దికొద్దిగా తిప్పుతూ, ఆ కీచు శబ్దం తేటపడేదాకా విన్నాం. ఏదో ఆట వస్తుందనుకున్నాం.

తెర మీదికి పేర్లు వచ్చాయి. పేరు, వయసు, ఊరు, నీళ్లు తాగిన బావి, చనిపోయిన సంవత్సరం. అన్నిటి చివరా ఒకటే మాట: కాళ్ల వాపు.

"పిల్లల మార్కులేమో," అన్నాడు బావ, వెనకనుంచి అంకెలు మాత్రమే చూసి.

టీచరమ్మ తెర దగ్గరికి వంగింది. "మార్కులు కావండీ. వీళ్లందరూ చనిపోయినోళ్లు."

వరసగా పేర్లు పైకి పోతున్నాయి. పక్క పల్లె అయింది. మా ఊరు మొదలైంది. నాలుగో పేరు మా నాన్నది.

నా సర్టిఫికెట్ల మీద తప్ప ఇంగ్లిషు అక్షరాల్లో నేనెక్కడా చూడని పేరు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పోయాడు. తోటపనిలో వేడిచేసి పోయాడనే ఇన్నాళ్లూ చెప్పుకున్నాం. బావ ఏదో అడుగుతున్నాడు, మాటలు చెవికెక్కడం లేదు. టీచరమ్మ టేపు ఆపబోతే, వద్దని చెయ్యి అడ్డం పెట్టాను.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు అన్న మాట అప్పుడప్పుడే అందరి నోటా వినబడుతున్న రోజులవి; కాళ్లు వాయడం దాని గుర్తేనట. దానికి ఎన్నో ఏళ్ల ముందే ఒక మనిషి ఇంటింటికీ తిరిగి ఇదంతా రాసిపెట్టాడు.

మర్నాడే మాస్టారి ఇంటికి వెళ్లి చెప్పాను. ఆవిడ గోడకి ఆనించిన పాత సైకిలు వైపు చూసింది.

"దినమూ సాయంత్రం సైకిలేసుకుని ఎల్లీవోరు. బడికి పిల్లల్ని పిలవడానికి అనుకున్నాను బాబూ. ఆకరికి ఆయన కాల్లూ వాసీసినాయి."

అక్కణ్నించి మా ఇంటికి వెళ్లాను. అమ్మ పెరట్లో కొబ్బరి మట్టలు చీరుతోంది.

"అమ్మా, నాన్నకి కాళ్లు వాచీవా?"

"వాసీవి." తల ఎత్తలేదు. "ఏం? ఈ ఊర్లో ఎవులికి వాయలేదు సెప్పు?"

అమ్మకి అది వార్తే కాదు. ఆ మాటకి నేను తెర మీద పేరు చూసినప్పటికంటే ఎక్కువ అదిరిపోయాను.

పేర్లన్నీ ముగ్గురం కాగితాల మీదికి ఎక్కించి, పల్లెల్లో రక్తపరీక్షలు చేస్తున్న డాక్టరుకి ఇచ్చాం. ఆయన చాలాసేపు చదివి, "ఈ మాస్టారిని ఒకసారి కలవాలి" అన్నాడు. పోయారని చెబితే కాగితాలు బల్ల మీద పెట్టి కళ్లజోడు తీసేశాడు.

అక్కడే నేనూ, ఊళ్లో అమ్మ దగ్గరుండే మా తమ్ముడూ రక్తం ఇచ్చాం. నా రిపోర్టు బాగానే వచ్చింది. తమ్ముడికి ముప్పై నిండలేదు, ఏ నొప్పీ లేదు, ఆ ఉదయం కూడా కొబ్బరిచెట్టెక్కి దిగాడు. వాడి కాగితం చూసి డాక్టరు నన్ను పక్కకి పిలిచాడు.

వాడి కిడ్నీలు దెబ్బతినడం మొదలైందట. తొందరగా తెలిసింది కాబట్టి తమ్ముడు మందులతో చాలా ఏళ్లు నెట్టుకొచ్చాడు.