అయిదు ముల్గీల మౌకా

1348 ఫస్లీలో, అంటే ఇప్పటి లెక్కలో 1938 చివర, చార్మినార్ దగ్గరి ఒక సాహుకారీ కోఠీలో నన్ను మౌకా మున్షీగా వేసిండ్రు. కోఠీ అంటే బ్యాంకు లాంటిదే అనుకోండ్రి. బోర్డు ఉండదు, జాలీ కిటికీలు ఉండవు, తెల్లటి పరుపులు, తకియాలు ఉంటయి. ఎవరన్న దుకాణమో గోదామో రెహన్ పెట్టి, అంటే తాకట్టు పెట్టి, అప్పు అడిగితే ఆ జాగకు పోయి కండ్లార చూసి వచ్చుడు మౌకా మున్షీ పని. నా పైన మేనేజర్, ఆయన పైన సేఠ్. నా కింద ఎవ్వరూ లేకుండె.

నేను బడికి పోయినోణ్ణి కాదు. మాది గౌలిపుర, పాలు అమ్ముకునే ఇల్లు. ఉర్దూ దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్న, లెక్కలు పాల గిన్నెల దగ్గర నేర్చుకున్న. ఈ సంగతి ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఈ నడుమ అప్పుల కొలువులో చేరిన పిల్లలు వచ్చి, "తాతా, ఆ కాలంలో మీకు పద్ధతులంటూ ఏమన్న ఉండెనా?" అని అడుగుతున్నరు. ఉండకపోవుడేంది? సూటు తొడుక్కుంటెనే పద్ధతి వస్తదా?

మొదటి పద్ధతి, జాగను బట్టి చూపు మారాలె. ధూల్‌పేట్‌లో గణపతులు చేసే కొట్టం మీద అప్పు అడిగితే చవితి ముందర పోయి చూడొద్దు. అప్పుడు ప్రతి కొట్టమూ బంగారు గనిలెక్కనే కండ్లవడ్తది. చవితి దాటినంక, ఎండాకాలంలో పోవాలె. అప్పుడు ఆ కొట్టంలో ఏం నడుస్తున్నదో అదే దాని అసలు విలువ. మా గౌలిపురలో బర్ల కొట్టాల మీద మా కోఠీ దమ్మిడీ ఇచ్చేది కాదు. జాగ అన్నదమ్ములందరిదీ ఉంటది, అడగవచ్చేటోడు ఒక్కడే ఉంటడు. లాడ్ బజార్ సంగతి వేరు. అక్కడ గోడ చూడొద్దు, కప్పు చూడొద్దు, కిరాయి చూడాలె. ఒక ముల్గీకి, అంటే వీధి మీదికి తెరుచుకున్న దుకాణానికి, ఏడాదికి ఎంత కిరాయి వస్తదో దాన్ని పట్టి దాని ధర కట్టి, ఆ ధరలో సగానికి మించకుండ అప్పు ఇస్తరు. కిరాయి ఎక్కువ చెప్తే ధర పెరుగుతది, ధర పెరిగితే అప్పు పెరుగుతది. మోసం అంటూ జరిగితే ఆ మొదటి మెట్టు మీదనే జరుగుతది.

ఆ చలికాలం ఫర్హత్ మియా అనే ఆసామి మా కోఠీకి వచ్చిండు. లాడ్ బజార్‌లో వరుసగా అయిదు ముల్గీలు ఆయనవి. తండ్రి పోయినంక ఆయన పేరు మీదికి వచ్చినయి. మంచి షేర్వానీ, మెత్తటి మాట, నన్ను సుత "మున్షీజీ" అని పిలిచిండు. నన్ను జీ అన్నోడి మీద నాకు మొదటి నుంచి అనుమానమే. మున్షీ దగ్గర ఏం పని లేకుంటె జీ ఎందుకు అంటరు?

మౌకా పద్ధతి ఇట్ల ఉండె. మొదటిసారి పోయి జాగ చూసి, కిరాయిదార్లను నోటితో అడిగి రావాలె. రెండోసారి ఇక్రార్‌నామా పట్టుకపోవాలె. "నేను ఫలానా ముల్గీలో ఉంటున్న, నెలకు ఇంత కిరాయి ఇస్తున్న" అని రాసిన కాయితం అది. దాని మీద కిరాయిదారు వేలిముద్రో దస్తఖత్తో పడాలె.

మొదటిసారి ఫర్హత్ మియా నా పక్కనే నడిచిండు. అత్తరు దుకాణం ఆయనను అడిగిన, నెలకు ముప్పై అన్నడు. గోటా అంచులు అమ్మేటాయన ముప్పై అన్నడు. టోపీల దుకాణం, కండ్లకు పెట్టుకునే సుర్మా దుకాణం, వాళ్ళూ ముప్పయే. చివరి ముల్గీ మహబూబ్ బీది. వయసు పైబడ్డ మనిషి, లక్క గాజులు చేసేది. అంగేఠీ, అంటే బొగ్గుల కుంపటి, మీద లక్కను మెత్తబరిచి, కర్ర మీద దొర్లించి, గుండ్రంగ వంచి, వేడి తగ్గకముందే నగీనాలు, అంటే తళుకు రాళ్ళు, అద్దుతది. ఆమె కోడలు పక్కన కూసుండి గాజుల సైజులు సరిచేస్తది. మగ దిక్కు లేదు. ఆ అత్తాకోడండ్లకు ఆ ముల్గీయే బతుకు. ఆమె తల ఎత్తకుండనే, "తీస్ రూపాయ్, ముప్పై, బేటా. మా మాలిక్ బంగారం," అన్నది.

బయటికి వచ్చినంక నాకు అనుమానం తగిలింది. ఎందుకంటే కిరాయి ఎంత అని అడిగితే ఏడ్వని దుకాణదారుణ్ణి నేను అదివరకు చూసి ఉండలేదు. "అడగకు అన్నా, నెత్తురు తాగుతున్నడు" అనేటోడు ఉంటడు. "కిరాయి సరే, కప్పు కారుతున్నది, అది రాసుకో" అనేటోడు ఉంటడు. ఇక్కడ అయిదుగురు నవ్వుకుంట, ఒకే మాట, ఒకే తీరుగ చెప్పిండ్రు. బజారోళ్ళు మాట్లాడినట్టు లేదు, బడిపిల్లలు పాఠం అప్పజెప్పినట్టు ఉన్నది.

తెల్లారి నేను నా భార్య నర్సమ్మను గాజుల బేరానికి పంపిన. నేను ఎదురుంగ ఉన్న దుకాణం మెట్టు మీద వీపు తిప్పి కూసున్న. నర్సమ్మ బేరం అంటే మా గల్లీలో అందరికీ తెలుసు, పండ్ల బండివాడు ఆమెను చూసి బండి మళ్ళించుకునేటోడు.

"ఈ జతకు గింతనా? లక్కనా, కెంపులా?" అన్నది నర్సమ్మ.

"చూసి మాట్లాడమ్మా, నగీనా ఒక్కొక్కటి నా కండ్లు పెట్టి అద్దిన."

"నీ కండ్లు నీ దగ్గరనే ఉన్నయి గదా. సగం ఇస్త."

"సగమా? యా అల్లా, సగానికి ఇస్తె నేనేం తినాలె? బొగ్గుల ధర చూసినవా, లక్క ధర చూసినవా? దీని మీద నెలనెలా పంద్రా రూపాయ్ కిరాయి పొయ్యాలె, పంద్రా! నువ్వు పోస్తవా?"

నేను మెట్టు మీద నుంచి లేచిన. బేరంలో కిరాయి చెప్పేటోళ్ళు పెంచి చెప్తరు గని తగ్గించి చెప్పరు. పెంచి చెప్తేనే పదిహేను. అయితే అసలు కిరాయి పదో పన్నెండో ఉంటది. ముప్పై అన్న మాట ఫర్హత్ మియా నోట్లో పుట్టిన మాట.

నేను పోయి ఆమె ముందర కూసున్న. నన్ను గుర్తుపట్టి, నర్సమ్మ దిక్కు చూసి, మళ్ళ నా దిక్కు చూసింది.

"ఈమె నీ ఇంటామెనా?"

"అవును."

"సిగ్గు లేదా మున్షీ? ఆడమనిషిని గూఢచారి పనికి, జాసూస్ పనికి పెట్టినవా?"

అంగేఠీ మీద చెయ్యి పెట్టుకున్నంత పనైంది నాకు. అయినా చెప్పవలసింది చెప్పిన. "అవ్వా, నేను మళ్ళొచ్చినప్పుడు కాయితం తెస్త. దాని మీద ముప్పై అని ఉంటది, నీ వేలిముద్ర పడ్తది. ఆ కాయితం కోఠీలో ఉంటది, నీ మాలిక్ దగ్గర ఉండదు. అప్పు తీరకపోతే ముల్గీ కోఠీకి వస్తది. అప్పుడు కోఠీ నిన్ను ముప్పై అడుగుతది. అప్పటిదాంక ముప్పైకి తక్కువిచ్చిందంత బాకీ కట్టి అది సుత అడుగుతది. ఇస్తవా?"

ఆమె నవ్వింది. "ఫర్హత్ మియా నాయన నాకు ఈ ముల్గీ ఇచ్చిన రోజు ముందుగ పోసే పగిడీ పైసలు అడగలేదు, కాయితం అడగలేదు. 'నా మొగోడు పోయిండు సాబ్' అంటె, 'కూసో, గాజులు చెయ్యి' అన్నడు. ఆయన కొడుకు మొన్న వచ్చి, 'అమ్మా, ఒక్క మాట సాయం చెయ్యి' అని అడిగిండు. నేను నహీ అనాల్నా? మేము ఆ ఇంటి నమక్, ఉప్పు తిన్నోళ్ళం బేటా, మీ కోఠీవాళ్ళ తీరు కాదు."

కోడలు మెల్లగ, "ఆయన చెప్పేది జర ఇనుండ్రి అమ్మీ," అన్నది. "నక్కో, నువ్ నడుమ మాట్లాడకు," అన్నది మహబూబ్ బీ.

నాకు అప్పుడు అర్థమైంది ఏందంటే, అయిదుగురిలో ఒక్కరు సుత పైసకు ఆశపడి అబద్ధం చెప్పలేదు. ముర్వత్ కోసం, అంటే మొఖమాటానికి, మర్యాదకు చెప్పిండ్రు. తమ తల తీసుకపోయి తామే కత్తిపీట మీద పెడుతున్నమని వాళ్ళకు తెల్వదు. ఫర్హత్ మియాకు తెలుసునా, తెల్వదా? ఈ ముసలితనంలో సుత నేను తేల్చుకోలేకపోయిన. ఆయన అప్పు మాత్రమే చూసిండో, పాత కిరాయిదార్లను ఎల్లగొట్టే తొవ్వ సుత చూసిండో. రెండోదే అని నా అనుమానం. అప్పు తీర్చి ఆ కాయితాలు వాపస్ తీసుకుంటె వాటిని చూపి ముప్పై అడగొచ్చు, ఇయ్యలేక పాతోళ్ళు పోతె కొత్తోళ్ళ దగ్గర మస్తు పగిడీ వస్తది గదా.

కోఠీకి పోయి మేనేజర్‌తో ఉన్నదున్నట్టు చెప్పిన. అసలు కిరాయి పన్నెండుకు మించదని, ఇక్రార్‌నామాలు తీసుకొచ్చుడు నాతోని కాదని అన్న. ఆయన వకాలత్, అంటే వకీలు చదువు, చదివిన మనిషి, తెలివి తక్కువోడు కాదు. నేను చెప్పేది ఆయనకు కొత్త కాదని ఆయన మొఖం చూస్తెనే తెలిసింది.

"వేలిముద్ర వాళ్ళు ఇష్టపడే వేస్తున్నరు గదా? కాయితం గట్టిగ ఉంటె కోఠీ గట్టిగ ఉంటది. నువ్వు కిరాయిదార్ల వకీలువా, కోఠీ నౌకరువా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా దయ మాట ఎత్తలేదు. అక్కడ దయ మాట ఎత్తినోణ్ణి పిచ్చోడంటరు. అప్పు భాషలోనే చెప్పిన. "సాబ్, కాయితం మీద ముప్పై ఉంటది. గాజులు అమ్మి ఆమె కిరాయి ఇయ్యగలిగేది పన్నెండే. రేపు ముల్గీ మన చేతికి వచ్చినంక ముప్పై ఎవరిస్తరు? ఆ ముసలామెను ఎల్లగొడ్తరు సరే, ఖాళీ ముల్గీకి తాళం వేసుకోని మనం గాజులు చేస్తమా? ముప్పై లెక్కన ధర కట్టి సగం అప్పు ఇస్తె, అసలు ధర కంటె ఎక్కువే ఇచ్చినట్టు." ఈ మాటలు పరుపు మీద ఒరిగి ఉన్న సేఠ్ చెవిన పడ్డయి. ఆయన లేచి కూసున్నడు. నన్ను ఏం మెచ్చుకోలేదు, మేనేజర్‌ను ఏం తిట్టలేదు. "పన్నెండు లెక్కన ఎంతొస్తదో అంత చెప్పుండ్రి. తీసుకుంటె తీసుకుంటడు," అన్నడు.

ఫర్హత్ మియా తీసుకోలేదు. పోయేటప్పుడు నన్ను జీ అనలేదు. ఆ తర్వాత లాడ్ బజార్‌లో నేను నడిస్తే అయిదు దుకాణాలవాళ్ళూ మొఖం తిప్పుకునేది. అత్తరాయన ఒకరోజు అందరూ ఇనేటట్టు, "మా మాటను బజార్ల అబద్ధం చేసిన మున్షీ పోతుండు చూడుండ్రి," అన్నడు. మహబూబ్ బీ నర్సమ్మకు మళ్ళ గాజులు అమ్మలేదు. నర్సమ్మ నన్ను ఊకుంటదా? "నీ కోఠీ కొలువుకు నా చేతులు బోడిగైనయి," అని లొల్లి పెట్టింది.

ఫర్హత్ మియా ఇంకొక సాహుకారు దగ్గరికి పోయిండు. ఆ పేరు నేను ఇక్కడ రాయను. ఆ కోఠీకి మౌకా మున్షీ అంటూ లేడు, కాయితం మీద వేలిముద్ర చాలు. అయిదు వేళ్ళు పడ్డయి. అప్పు ముట్టింది. యుద్ధం మొదలైన తర్వాత ఒక ఏడాదికో, ఇంకొంచెం ఎక్కువకో, ఫర్హత్ మియా కిస్తులు ఆపిండు. ముల్గీలు సాహుకారు చేతికి పోయినయి. సాహుకారు మనుషులు ఇక్రార్‌నామాలు పట్టుకోని వచ్చి ముప్పై లెక్కన కిరాయి, వెనకటి బాకీ రెండూ అడిగిండ్రు. అత్తరాయన ఎట్లనో తట్టుకున్నడు. గోటాయన, టోపీలాయన అడిగినదాంట్లో సగానికి ఒప్పించుకున్నరు. సుర్మా దుకాణం మూతపడ్డది. మహబూబ్ బీ ఇయ్యలేకపోయింది. అంగేఠీ, కర్ర, లక్క మూట బయట పెట్టిండ్రు.

కొన్నాళ్ళకు ఆమె అదే బజార్‌లో వేరేవాళ్ళ దుకాణం వెనక అర్రలో కూలికి గాజులు చేసుకుంట కనిపించింది. నేను ఆగిన. నన్ను చూసి ఈసారి మొఖం తిప్పుకోలేదు.

"అవ్వా, నేను ఆ రోజు చెప్పిన గదా," అన్న. అనకుండ ఉండవలసింది, గని నాలో కోపం ఉండె.

"చెప్పినవు," అన్నది. చేతిలో లక్క చల్లారకుండ దొర్లించుకుంటనే ఉన్నది. "చెప్పినోనివి నువ్వు. అడిగినోడు మాలిక్ కొడుకు. నువ్వే చెప్పు, ఎవరి మాట వినేదుండె?"

సాహుకారును తిట్టింది, యుద్ధాన్ని తిట్టింది, బొగ్గుల ధరను తిట్టింది. ఫర్హత్ మియాను ఒక్క మాట అనలేదు.

ఆ కొలువులో నేను చాన ఏండ్లు ఉన్న, తర్వాత నా కింద సుత మనుషులు వచ్చిండ్రు. వాళ్ళకు ఈ ముల్గీల సంగతి చెప్పి ఒక్కటే నేర్పిన. ఆసామికి, కిరాయిదార్లకు కొట్లాట ఉన్న చోట చెప్పిన కిరాయిని నమ్మొచ్చు, దాని మీద అప్పు ఇయ్యొచ్చు. కిరాయిదార్లు ఆసామిని బంగారం అన్న చోట చెప్పిన కిరాయి రాసుకోవద్దు. ఆ దుకాణంలో ఏం అమ్ముడుపోతున్నదో వారం కూసుండి చూసి, దాన్ని పట్టి లెక్క కట్టుకోవాలె.